మేస్త్రి ముక్కు, మేడమీది కొమ్మలు

కిసబురో హమాయ ముక్కు గురించి నోతో తీరంలో రకరకాలుగా చెప్పుకునేవారు. మూతపెట్టిన పీపా పక్కనుంచి నడిచి వెళ్తూ లోపలి సాకే, అంటే బియ్యపు సారా, ఏ మడి బియ్యంతో చేశారో చెప్పేస్తాడని కొందరు అనేవారు. ఇంట్లో భార్య ఫుమియె పులుసు పొయ్యిమీద పెడితే వీధి మలుపులోనే "ఇవాళ నీళ్ళెక్కువయ్యాయి" అంటాడని ఇంకొందరు. మొదటిది అబద్ధం. రెండోది నిజమే. అందుకు ఫుమియె దగ్గర తిన్న తిట్లు కూడా నిజమే.

వేసవంతా అతను వరి పండించేవాడు, పడవెక్కి చేపలు పట్టేవాడు. అక్టోబరు ఆఖరుకి సముద్రం మీద గాలి మారగానే ఊళ్ళోంచి ఎనిమిదిమంది మగవాళ్ళు మూటలు కట్టుకుని రైలెక్కేవారు. మూటల్లో ఉన్ని బనీన్లు, తవుడులో ఊరేసిన కవళ్ళ చేపల జాడీ, ఎండబెట్టిన పళ్ళు. కురొతాని కొండలోయలో మసుయా వారి సాకే కార్ఖానాలో ఏప్రిల్ దాకా పని. తిండీ పడకా కూడా అక్కడే. పద్దెనిమిదో ఏట వేడి అన్నం మోసే కూలీగా వెళ్ళిన కిసబురో ముప్పైతొమ్మిదో ఏట అక్కడే మేస్త్రి అయ్యాడు. బియ్యం ఎంతసేపు నానాలి, కోజీ గదిలో అన్నంమీద, దాన్ని పులియబెట్టే కోజీ బూజు ఎంత పట్టాలి, తొట్టిలో పులుస్తున్నది ఏ రోజున వడకట్టాలి అన్నవి మేస్త్రి చెప్పాల్సిందే. థర్మామీటర్లు ఉన్నాయి, కొలతలు ఉన్నాయి. కానీ చివరి మాట మాత్రం ముక్కుదే. తొట్టిమీద వంగి ఒక్కసారి పీల్చి, "ఇంకా రెండు రోజులు" అనో, "రేపు పొద్దున" అనో అంటే అంతే.

ఆ చలికాలాల సంగతి తల్చుకుంటే అతనికి ముందు గుర్తొచ్చేది చేతులు కొరికే చన్నీళ్ళు. తర్వాత తొట్లు తోముతూ అందరూ కలిసి పాడే పాటలు. ఒక పాట అయ్యేసరికి ఒక తొట్టి శుభ్రమయ్యేది, అందుకే గడియారం అక్కర్లేకపోయేది. అన్నం ఉడికే పెద్ద కుండ మీంచి ఆవిరి లేచి, నేరుగా పైనున్న పడకగది నేలచెక్కల సందుల్లోంచి పైకి వచ్చేది. కార్ఖానా మొత్తానికి వెచ్చగా ఉండే చోట్లు రెండే. ఒకటి కోజీ గది, రెండోది ఆ మేడ.

ఇంకొకటి కూడా గుర్తొచ్చేది, సుగి బంతి. ఫిబ్రవరి మొదట్లో ఏడాది మొత్తానికీ మేలైన తొట్టిని వడకట్టే రోజున, మసుయా వారి గుమ్మానికి దేవదారు లాంటి సుగి చెట్టు పచ్చటి కొమ్మలతో చేసిన పెద్ద బంతి వేలాడదీస్తారు. కొత్త సాకే వచ్చిందని ఊరికి అదే కబురు. ఎండలకు అది మెల్లగా ఎండి, శరదృతువుకి గోధుమరంగుకి తిరుగుతుంది. తీగ చట్రంలో వేలకొద్దీ రెమ్మలు గుచ్చి, కత్తెరతో గుండ్రంగా కత్తిరించే పని కిసబురోకి పాత మేస్త్రి గెంపాచి నేర్పాడు. కిసబురో దాన్ని వేరేవాళ్ళ చేతికి ఇచ్చేవాడు కాదు. కొనల్లో గోధుమరంగు మొగ్గలు గుత్తులుగా ఉన్న రెమ్మలనే ఏరి తెచ్చేవాడు. వాటితో బంతి గట్టిగా, నిండుగా వస్తుంది, పచ్చదనం మధ్య బంగారు పొడలా మెరుస్తుంది. దారినపోయేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకునేవారు. తీస్తుంటే అతను చీపురు పట్టుకుని ఊరికే ఆ గుమ్మం ముందే ఊడ్చేవాడు.

పెరట్లో కట్టెలపాక మంచుకి కూలిపోయాక ఆ పని మేడమీదికి మారింది. జనవరి మధ్యలో కొమ్మలు కోసి తెచ్చి, పడకగది మూలన పేర్చి, ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని గుచ్చేవాడు. అలా మూడు చలికాలాలు గడిచాయి.

నాలుగోది పందొమ్మిదివందల ఎనభై రెండు. జనవరి పదిహేనున కొమ్మలు మేడెక్కాయి. పదిహేడో తారీఖు పొద్దున లేస్తూనే కిసబురో వరసగా తొమ్మిది తుమ్ములు తుమ్మాడు.

"తొమ్మిదీ నేను లెక్కపెట్టాను మేస్త్రీ," అన్నాడు యాసుహె పక్కపరుపు మీంచి. యాసుహె అతని ఊరివాడే, చిన్నప్పుడు ఒకే పడవలో వాంతులు చేసుకున్నవాళ్ళు. ఇప్పుడు కార్ఖానాలో అతని తర్వాతి స్థానం. "పదోది వస్తే కప్పు లేచిపోయేది."

"నోర్ముయ్యి. జలుబు."

"జలుబైతే కోజీ గదిలోకి రాకూడదని నువ్వే కదా గోడమీద రాసింది? నీ చేతిరాతే. వంకరగా ఉంది, బాగా గుర్తుంది."

జలుబు కాదని కిసబురోకి రెండు రోజుల్లో అర్థమైంది. జ్వరం లేదు. ముక్కునుంచి కారేది నీళ్ళలా ఉంది. కళ్ళు దురదపెట్టి, రుద్దుకుంటే ఎర్రబడుతున్నాయి. నిరుడు కూడా ఇలాగే కొంచెం కారిందనీ, అంతకుముందు ఏడాది కళ్ళు మండాయనీ అప్పుడు గుర్తొచ్చింది. నాలుగోరోజు రెండో నంబరు తొట్టిమీద వంగి పీల్చాడు. ఏమీ తెలియలేదు. మళ్ళీ పీల్చాడు. ఆపిల్ ముక్కలా, అరటిపండులా మత్తుగా రావాల్సిన వాసన చోట ఖాళీ. ఖాళీ గిన్నెలో తలపెట్టినట్టు.

నిచ్చెన దిగి, యాసుహెని పక్కకి పిలిచి చెప్పాడు.

అతని భయం వేరే. పక్కలోయలో ఒక మేస్త్రి ఇలాగే తుమ్ముతూ తుమ్ముతూ, చివరికి కోజీ బూజే పడటంలేదని తేలి, నలభైఏళ్ళకే ఈ పని వదిలేసి ఇంటికెళ్ళిపోయాడు. కోజీ పడని మేస్త్రి అంటే నీళ్ళు పడని జాలరే. ఇక ఏ కార్ఖానాలోనూ నిలబడలేడు.

"చెప్పేసెయ్ అమ్మగారికి," అన్నాడు యాసుహె, ఈసారి నవ్వకుండా. "తొట్టి నేను వాసన చూస్తాను. నా ముక్కు నీది కాదనుకో. కానీ పనిచేస్తోంది."

యజమానురాలు ఒరియె మసుయా. మూడేళ్ళ కిందట భర్త పోయాక కార్ఖానా ఆవిడే నడుపుతోంది. కిసబురో ఆఫీసు గది గుమ్మంలో మోకాళ్ళమీద కూర్చుని చెప్పాడు.

"అమ్మగారూ, నా ముక్కు పనిచేయటం లేదండీ."

ఆవిడ చేతిలో కలం కిందపెట్టింది. "ఎన్నాళ్ళనుంచి?"

"నాలుగు రోజులు. కోజీ వల్లేమోనని..."

"కోజీ వల్లని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. నేనే."

"మీరు సాకే మేస్త్రి. డాక్టరు ఎప్పుడయ్యారు? ఇప్పుడే వెళ్ళండి. స్టేషను దగ్గర చెవి-ముక్కు డాక్టరమ్మ కొత్తగా వచ్చింది. చిన్నపిల్లలా ఉంటుంది గానీ మా అక్క చెవి బాగుచేసింది. రెండో తొట్టి సంగతి మీరు తిరిగొచ్చాక మాట్లాడుకుందాం."

డాక్టరు కజుయో తోకికి ముప్పైఏళ్ళు ఉంటాయి. కిసబురో ముక్కులోకి లైటు వేసి చూసి, అద్దాలు సర్దుకుని, మందులు రాయకుండా ప్రశ్నలు మొదలుపెట్టింది.

"పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా?"

"లేచీ లేవగానే అమ్మా. పరుపు దులిపేటప్పుడు మరీను."

"బయట మంచులోకి వెళ్తే?"

"కొంచెం నయం."

"కోజీ గదిలో?"

కిసబురో ఆలోచించాడు. "అక్కడ... అక్కడ హాయిగా ఉంటుందమ్మా. గంటసేపుంటే ముక్కు కూడా కాస్త వదులవుతుంది. అందుకే నిన్న పని లేకపోయినా వెళ్ళి కూర్చున్నాను."

డాక్టరమ్మ అతన్ని అలాగే చూసింది. "హమాయాగారూ, దేని దగ్గర కూర్చుంటే హాయిగా ఉందో దానిమీదే నేరం మోపుతున్నారు మీరు."



మర్నాడు చిటికెడు కోజీ పొట్లం కట్టుకుని రమ్మంది. ముంజేతిమీద సన్నగా గీతలు గీసి, ఒకదానిమీద కోజీ కలిపిన నీటిచుక్క, ఒకదానిమీద ఇంటి దుమ్ము, ఒకదానిమీద ఉప్పునీళ్ళు, ఇంకొకదానిమీద సుగి పుప్పొడి రసం వేసింది. పావుగంట చేయి కదపకుండా కూర్చోమంది. అతను గోడ గడియారాన్నీ చేతినీ మార్చిమార్చి చూశాడు. కోజీ గీత అలాగే చల్లగా ఉంది. సుగి గీత మాత్రం దోమ కుట్టినట్టు ఎర్రగా ఉబ్బి, బఠాణీ గింజంత, తర్వాత చిన్న నాణెమంత అయింది.

"కోజీ కాదు," అంది ఆవిడ.

కిసబురోకి కళ్ళు చెమర్చాయి. అది జబ్బువల్ల కూడా కావచ్చు.

"సుగి పుప్పొడి. శరీరం దాన్ని శత్రువనుకుంటోంది. మొదటి ఏడాదే కాదు, రెండు మూడేళ్ళు పీల్చి పీల్చి, ఒక ఏడు ఇక చాలని తిరగబడుతుంది. ఈమధ్య పట్నంలో చాలామందికి వస్తోంది. యుద్ధం అయ్యాక నాటిన చెట్లన్నీ ఇప్పుడు పూతకొచ్చాయి కదా." అంటూనే ఆవిడ కిటికీలోంచి కొండవైపు చూసి నొసలు చిట్లించింది. "నాకు అర్థంకానిది ఒకటే. ఇవాళ జనవరి ఇరవై ఒకటి. కొండమీద ఒక్క మొగ్గ కూడా విచ్చుకోలేదు. ఇంకా నెల పడుతుంది. మీకు పుప్పొడి ఎక్కణ్ణుంచి వస్తోంది?"

తొట్ల వేడి రాసే పుస్తకం మీ దగ్గర ఉంటుంది కదా, అందులోనే తుమ్ములు కూడా రాయండి, ఎప్పుడు, ఎక్కడ అని, అంది. ముక్కులో కొట్టుకునే మందు ఇచ్చింది. మాత్రలు కూడా ఇచ్చి, "ఇవి నిద్ర తెప్పిస్తాయి. వేసుకుని నిచ్చెన ఎక్కితే తొట్టిలో పడతారు. పని అయిపోయాకే వేసుకోండి," అని రెండుసార్లు చెప్పింది.

పుస్తకం రాయడం అతనికి కొత్త కాదు. ఒక గడిలో రెండో తొట్టి తొమ్మిదిన్నర డిగ్రీలు, పక్క గడిలో మేస్త్రి తుమ్ములు పద్నాలుగు. యాసుహె అది చూసి, "ఏ తొట్టి ముందు పొంగుతుందో తెలియట్లేదు," అన్నాడు. రెండు రోజుల గడులు చూస్తే చాలు. కోజీ గది: సున్న. కింద తొట్ల దగ్గర: రెండు, మూడు. బావి దగ్గర: సున్న. మేడ: పద్నాలుగు, పదకొండు, పంతొమ్మిది.

మూడోరోజు మధ్యాహ్నం అందరూ అన్నం తింటుండగా అతను ఒక్కడే మేడెక్కాడు. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. కింద కుండ ఇంకా చల్లారలేదు, నేలచెక్కలు అరికాళ్ళకి వెచ్చగా తగిలాయి. మూలన సగం కట్టిన బంతి, పక్కన కొమ్మల గుట్ట. ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, ఒక రెమ్మ తీసి వేలితో మెల్లగా తట్టాడు.

ఎండలోకి పసుపుపచ్చటి పొగ లేచింది.

బయట మంచులో నిద్రపోతున్న మొగ్గలు, ఇక్కడ అన్నం ఆవిరికి వసంతం వచ్చిందనుకుని నెలముందే విచ్చుకున్నాయి. అతను ఏరికోరి తెచ్చినవి. బంతికి బంగారు పొడలా ఉంటాయని మురిసిపోయినవి. మూడేళ్ళుగా ఆ గుట్ట పక్కనే తలపెట్టి పడుకున్నాడు. ఇంకో రెమ్మ తట్టాడు. మళ్ళీ పొగ. కోపం రావాల్సింది, కానీ అది చాలా అందంగా ఉంది. నిలబడి చూస్తూ ఉండిపోయాడు, తువ్వాల్లోనే ఏడు తుమ్ములు తుమ్మేదాకా.

తర్వాత యాసుహెని కేకేశాడు.

కొమ్మల్ని తడిగుడ్డల్లో చుట్టి కిటికీలోంచి పెరట్లోకి దించారు. చీపురు పట్టబోయిన వాణ్ణి కిసబురో ఆపాడు. ఊడిస్తే మళ్ళీ లేస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేల, గోడలు, దూలాలు అన్నీ తడిగుడ్డతో తుడిచారు. దుప్పట్లన్నీ ఉతికారు. తొట్లు తోమే పాటే పాడుకుంటూ తుడిచారు కాబట్టి, రెండు పాటల్లో మేడ శుభ్రమైంది. సగం కట్టిన బంతిని యాసుహె పెరట్లో మంచులో కూర్చుని, మొగ్గలన్నీ కత్తెరతో ఒక్కొక్కటే తుంచి పూర్తిచేశాడు. అది గుండ్రంగా రాలేదు.

"బంతి అడిగితే ముల్లంగి కట్టావేంట్రా?" అన్నాడు కిసబురో దూరంనుంచి, కిటికీ అద్దం వెనక.

"వినపడట్లేదు! ఏంటీ, బాగుందా? థాంక్యూ!"

అయినా వాసన వెంటనే రాలేదు. తుమ్ములు నాలుగు రోజుల్లో తగ్గాయి, కళ్ళ దురద పోయింది, కానీ తొట్టిమీద వంగితే అదే ఖాళీ. వాపు తగ్గాలి, ఓపిక పట్టండి అంది డాక్టరమ్మ. ముక్కుమందు ఒక్కపూట కూడా మానొద్దంది. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం నేర్పింది. రెండో తొట్టి ఆగదు కదా. రోజుకింత పులుస్తూనే ఉంది. రోజూ పొద్దున యాసుహె పీల్చి చెప్పేవాడు. కిసబురో నాలుకమీద వేసుకుని, నురుగు చూసి, చెవిపెట్టి బుడగల చప్పుడు విని, పుస్తకంలో రాసుకునేవాడు. ఇద్దరూ కలిసి ఒక మేస్త్రి అయ్యారు.

ఫిబ్రవరి మూడున యాసుహె తొట్టి దగ్గర తటపటాయించాడు. "రేపే అనిపిస్తోంది. ఎల్లుండైనా అవ్వొచ్చు. ఒరేయ్ కిసబురో, నాకు తెలియటం లేదు." పని జాగాలో అతను మేస్త్రిని పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. ఒక్కరోజు తొందరపడితే పస ఉండదు. ఒక్కరోజు ఆలస్యమైతే చేదెక్కుతుంది. ఏడాది మొత్తానికీ పేరు తెచ్చే తొట్టి అది. ఒరియె అమ్మగారు కూడా నిచ్చెన కింద చేతులు కట్టుకుని నిలబడింది.

కిసబురో ముక్కు కడుక్కుని నిచ్చెనెక్కాడు. వంగాడు. ముందు ఏమీ లేదు. కళ్ళు మూసుకుని, తొందరపడకుండా, చిన్నగా పీల్చాడు. ఎక్కడో చాలా దూరంగా, పక్క గదిలో ఎవరో పండు కోస్తున్నట్టు, సన్నగా ఆపిల్ వాసన. దానికింద అరటిపండు. ఆ అరటిపండు అంచున, పండి రాలబోయే ముందు ఉండే ఆ చిన్న బరువు.

"రేపు పొద్దున," అన్నాడు.

కింద అమ్మగారు తలూపి వెళ్ళిపోయింది. యాసుహె నిచ్చెన పట్టుకుని, "దిగు, దిగు, ఏడుస్తూ అందులో పడితే ఉప్పగా అవుతుంది," అన్నాడు.

ఆ తొట్టి మంచి పేరే తెచ్చింది. కానీ కిసబురో ఆ తర్వాతి రెండు నెలలూ గుండె చిక్కబట్టుకునే గడిపాడు. ఫిబ్రవరి ఆఖరుకి కొండమీద అసలు పూత మొదలైంది. ఎండకాసి గాలి వీచిన రోజున లోయంతా పసుపు పొగ కమ్మేది. గుడ్డమాస్కు లోపల తడిపిన దూది పెట్టుకునేవాడు. బయటికెళ్ళిన కోటు గుమ్మంలోనే విప్పి దులిపి, మొహం కడుక్కుని లోపలికొచ్చేవాడు. ఉతికిన బట్టలు, పరుపులు బయట ఆరేయనిచ్చేవాడు కాదు. మేడమీద తాళ్ళకి వేలాడే ఎనిమిదిమంది లాగులు చూసి అమ్మగారు ఒకసారి గుమ్మంలోనే వెనక్కి తిరిగింది. ఇన్ని చేసినా తుమ్ములు పూర్తిగా పోలేదు. పని మాత్రం సాగింది. ఏప్రిల్లో మూటలు కట్టుకుంటున్నప్పుడు అమ్మగారు వచ్చి, "అక్టోబరులో త్వరగా రండి మేస్త్రీగారూ. కట్టెలపాక మళ్ళీ వేయిస్తున్నాను," అంది. ఆ మాట కోసం అతను జనవరినుంచీ ఎదురుచూశాడని ఆవిడకి తెలుసో లేదో.

ఆ తర్వాత ఇరవై మూడు చలికాలాలు అతను అక్కడే మేస్త్రి. పూత రాకముందే, జనవరి మూడోవారంలోనే మందు మొదలుపెట్టేవాడు. వచ్చాక మొదలుపెడితే నెల వృథా అని కొత్తగా తుమ్మడం మొదలుపెట్టినవాళ్ళకి తనే చెప్పేవాడు. ఏటికేడు అలాంటివాళ్ళు పెరిగారు. ఒకప్పుడు స్టేషన్లో మాస్కు పెట్టుకున్నది తనొక్కడే, తర్వాత మాస్కు లేనివాణ్ణి వెతుక్కోవాల్సి వచ్చింది. నిద్ర తెప్పించని మాత్రలొచ్చాయి. డాక్టరమ్మ జుట్టు నెరిసింది. సుగి బంతికి కావాల్సిన రెమ్మల్ని నవంబరులోనే, మొగ్గలు పట్టని లేతచెట్లనుంచి కోసి తెచ్చి యాసుహె పాకలో కట్టేవాడు. ఒక్క ఏడు కూడా అది గుండ్రంగా రాలేదు. ఊరివాళ్ళు దానికే అలవాటుపడ్డారు.

పోయింది ఒకటుంది. మార్చిలో, పని తేలికపడే రోజుల్లో, పొద్దునే మేడ కిటికీలు బార్లా తెరిచి కూర్చునే అలవాటు. కరిగే మంచు, తడిసిన మట్టి, ఎక్కడో కాలుతున్న గడ్డి కలిసిన ఆ వాసన కోసమే అతను చలికాలమంతా ఎదురుచూసేవాడు. ఇప్పుడు మార్చి అంటే మూసిన కిటికీలు, అద్దం వెనక పసుపు కొండ. అందుకే వాన పడిన పొద్దుల్ని అతను వదిలేవాడు కాదు. వాన వెలిసి ఎండకాస్తే మర్నాడు రెండింతలు రేగుతుందని తెలుసు. కానీ పడుతున్నంతసేపూ పుప్పొడి నేలమీదే ఉంటుంది. వాన చప్పుడుకే లేచి, అందరికంటే ముందు కిటికీ దగ్గరికెళ్ళి, మాస్కు గడ్డం కిందికి లాగి, తలుపులు రెండూ తోసేవాడు. చలిగాలి, వాన జల్లు మేడంతా నిండేవి.

"మూసెయ్ మహానుభావా, చస్తున్నాం ఇక్కడ!" అని దుప్పటి కిందినుంచి యాసుహె అరిచేవాడు.

"ఒక్క నిమిషం," అనేవాడు కిసబురో, బయటికి వంగి, కళ్ళు మూసుకుని. వాన ఆగేదాకా ఆ నిమిషం అయ్యేది కాదు.